జువ్వికి తునికాకులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకంటే పొట్టిగా ఉన్న ప్రాణి ఒక్కటే ఉండేది. అది జువ్విచెట్టు. జువ్విని ఎరిగినవాళ్లు ఈ మాట నమ్మరు. రోడ్డు పక్కన దాన్ని దాని మానాన వదిలేస్తే కింద లారీలు ఆపుకుని డ్రైవర్లు నిద్రపోయేంత పెద్దదవుతుంది. మా జువ్వి మాత్రం సున్నం మోసే ఇనుప తట్టలో ఉండేది, నా నడుము దాకా వచ్చేది. ఇంట్లో అందరూ నా మీద పెత్తనం చేసేవాళ్లే. నేను పెత్తనం చేయడానికి దొరికింది అదొక్కటే. అందుకని పొద్దున లేవగానే దాని పక్కన నిలబడి, రాత్రికి రాత్రి నన్ను మించిపోలేదు కదా అని చూసుకునేదాన్ని.

ఎల్లారెడ్డిలో మాది గూనపెంకుల ఇల్లు. మా బాపు తాపీమేస్త్రీ. మేస్త్రీలకు రావి, మర్రి, జువ్వి జాతి మొత్తం మీదా పగ ఉంటుంది. పిట్ట ఎక్కడో పండు తిని వచ్చి గోడ మీద రెట్ట వేస్తే చాలు, ఆ సందులోంచి మొలక లేస్తుంది. వేరు లోపలికి దూరి, మెల్లమెల్లగా రాయికీ రాయికీ తగువు పెడుతుంది. బాపు దారిలో పోతూ పోతూ ఎవరి గోడకు అలాంటి మొలక కనిపించినా ఆగి పీకేవాడు. ఆ ఇంటివాళ్లెవరో కూడా ఆయనకు తెలియనక్కర్లేదు. పెళ్లికి పోయినా అంతే. బంతిలో కూర్చున్న వాళ్లందరూ విస్తరి వైపు చూస్తుంటే మా బాపు ఎదురుగా ఉన్న గోడ వైపు చూసేవాడు. అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది.

అంతటి శత్రువును ఇంటికి తెచ్చింది కూడా ఆయనే. లింగంపేటలో ఒక పాత గోడ విప్పుతుంటే రాళ్ల మధ్య ఇరుక్కుని ఒక జువ్వి దొరికిందట. ఎన్నేళ్లనుంచి అక్కడ ఉందో, పైకి పోవడానికి దారిలేక దాని మొదలు లావుగా, వంకరటింకరగా తయారైంది. ఎండితే పొయ్యిలోకి పనికొస్తుందని పనిముట్ల సంచిలో వేసుకొచ్చాడు. సంచిలోంచి తీయగానే నాకది గుడ్ల మీద కూర్చున్న కోడిపెట్టలాగా కనిపించింది. నాకు కావాలన్నాను. బాపు వద్దన్నాడు. నేను ఏడ్చాను. ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది గానీ, నా ఏడుపు దగ్గర ఎప్పుడూ నెగ్గలేదు. అడుగున చిల్లులు పడి పనికిరాకుండా పోయిన తట్ట ఒకటి నా ముందు పడేశాడు. పడేస్తూ ఒక షరతు పెట్టాడు.

"తట్టల ఉన్నన్నొద్దులు ఉండనియ్యి. వేరు నేలకు దిగిందనుకో, పీకి పెంటల పారేస్త. ఈ ఇంటి గోడలు నేను కట్టినయి బిడ్డా, ఎవని గోడలో కావు" అన్నాడు.

ఇక్కడ మా మేనత్త గురించి చెప్పాలి. మామ బొంబాయిలో పనికి కుదిరి, అక్కడ ఉండడానికి గది దొరికేదాకా అత్తను మా ఇంట్లోనే ఉంచాడు. అత్త బీడీలు చుట్టేది. తెల్లవారగానే తడి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకు తీసి, కత్తెరతో ముక్కలు కత్తిరించుకుని, ఒళ్లో చాట పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. చేతులు ఎంత వేగంగా కదిలేవో నోరు కూడా అంతే వేగంగా కదిలేది. నన్ను పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు, ఎప్పుడూ "కోడలా" అనేది. తన కొడుకును నాకిచ్చి చేస్తానని ఊరంతా చెప్పేది. అప్పటికి ఆమెకు కొడుకే లేడు.

జువ్విని సాకడం పేరుకు నాది, పని అత్తది. తట్టలో ఎర్రమట్టి, ఇసుక, చివికిన పేడ కలిపి నింపింది ఆమే. కొమ్మ పైకి సాగితే కొసను గోటితో తుంచేసేది. పైకి పోతే మా అన్న కండ్లల్ల పడుతది, పక్కకు పోనీ అనేది. నిజంగానే అది పక్కలకు పోయి గొడుగు పట్టినట్టు తయారైంది. అప్పుడప్పుడూ బాపు వాళ్లమ్మ మా అవ్వా, ఆమె కలిసి తట్టను పక్కకు వాల్చి, చిల్లుల్లోంచి బయటికి తొంగిచూసే వేళ్లను బీడీల కత్తెరతోనే కత్తిరించేవాళ్లు. కత్తెర తగిలిన చోటల్లా తెల్లటి పాలు వచ్చేవి. నాకు చూడబుద్ధి అయ్యేది కాదు, చెవులు మూసుకునేదాన్ని. కళ్లు మూసుకోవాల్సింది పోయి చెవులెందుకు మూసుకునేదాన్నో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ ఏడు చలి తగ్గి, ఎండ కాస్త చురుక్కుమంటున్న రోజుల్లో బాపు మా వాకిటి గోడకు కొత్తగా గిలాబు చేశాడు. ఊరందరి గోడలకూ నున్నగా సిమెంటు పూసే మనిషికి సొంత గోడకు పూసుకోవడం అన్నాళ్లకు కుదిరింది. రోజూ సాయంత్రం గోడను అరచేత్తో నిమిరి మురిసిపోయేవాడు. సరిగ్గా అప్పుడే అత్త తట్ట వాల్చి చూస్తే ఒక వేరు చిల్లులోంచి దిగి, పరుపుబండల సందులోంచి ఆ గోడ వైపే దారి పట్టి ఉంది. అత్త కత్తెర అందుకుంది. బాపు పని నుంచి వచ్చేలోగా ఆ వేరునూ, దాని పక్కవాటినీ చకచకా కత్తిరించేసి, తట్టను ఇటుకల మీదికి ఎత్తి, ఏమీ ఎరగనట్టు చాట ముందేసుకుని కూర్చుంది.

తర్వాత కొద్దిరోజులకే జువ్వి ఆకులు పసుపుపచ్చగా మారాయి. రాలడం మొదలుపెట్టాయి. ఊడ్చిన వాకిలి మళ్లీ నిండేది. చూస్తుండగానే ఒక్క ఆకు లేకుండా మోడై నిలబడింది. అంతకుముందు దాన్ని నేను ఆకుల్లేకుండా చూడలేదు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. అత్తే దాన్ని చంపిందని తీర్మానించుకున్నాను. ఆమె కలిపిన ముద్ద తినలేదు, ఆమె పక్కన పడుకోలేదు. బాపు వచ్చి చూసి, సచ్చినట్టున్నదని, శివరాత్రికి ముందు ఇల్లు కడిగే రోజున తీసి పారేస్తానని తేల్చేశాడు. ఎండిన కట్టె ఇంట్లో ఉంచుకోవద్దని అవ్వ కూడా వత్తాసు పలికింది.

అత్త ఒక్కతే నవ్వుతూ ఉంది. "ఏందే కోడలా, గట్ల మూతి ముడుచుకున్నవ్? ఆకులు రాలితే సచ్చినట్టేనా? మీ అవ్వకు పండ్లన్ని రాలినయ్, సచ్చిందా మరి?"

"మధ్యల నా పండ్లేం జేసినయే నీకు!" అని అవ్వ లోపలి నుంచి కేకేసింది.

నేను నవ్వలేదు. నవ్వితే ఓడిపోయినట్టే అని పట్టుదలగా కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం అందరూ ఎవరి పనుల్లో వాళ్లు ఉండగా రాలిన ఆకులు ఏరుకొచ్చి, అన్నం మెతుకులతో కొమ్మలకు అతికించడం మొదలుపెట్టాను. ఒకటి అతికిస్తే ఇంకోటి ఊడేది. ఆకులు నిలవలేదు గానీ చీమలు మాత్రం బారులు తీరి వచ్చాయి. మోచేతుల దాకా అన్నం పూసుకుని, చీమలు కుడుతుంటే ఎగురుతూ ఏడుస్తున్న నన్ను అత్త చూసింది. కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత నా చేతులు కడిగి, పక్కన కూర్చోబెట్టుకుని, ఎండిన ఆకు మెతుకుకు ఆగదు, నేను కట్టిస్తాను రమ్మంది.

బీడీలకు ముక్కలు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు మా ఇంట్లో ఎప్పుడూ గంపెడు ఉండేవి. అవి తడిగా, మెత్తగా ఉన్నప్పుడే అత్త వాటిని జువ్వాకు ఆకారంలో కత్తిరించింది, చివర కొసదేరి ఉండేటట్టు. బీడీలకు కట్టే గులాబీరంగు దారంతో ఒక్కొక్క ఆకునూ కొమ్మకు కట్టింది. పొద్దంతా బీడీలకు దారం చుట్టే వేళ్లు అవి, ముడి పడడం కూడా కనిపించేది కాదు. నేను ఆకులు అందించాను. పండ్ల సంగతి మరిచిపోయిన అవ్వ కూడా వచ్చి కూర్చుని, ఇక్కడ పల్చగా ఉంది, అక్కడొకటి కట్టు అని సలహాలిచ్చింది. దీపాలు పెట్టే వేళకు మా జువ్వి పెద్దమనిషి అంగీ తొడుక్కున్న పిల్లవాడిలాగా తయారైంది. నాకు మాత్రం అంతకంటే అందమైన చెట్టు లోకంలో ఉండదనిపించింది.

బాపు వచ్చాడు. కాళ్లు కడుక్కుంటూ చూశాడు. తువ్వాలతో ముఖం తుడుచుకుని మళ్లీ చూశాడు.

"జువ్వికి తునికాకులు ఎప్పటిసంది కాస్తున్నయ్?"

"ఏ ఆకులైతేంది అన్నా, ఆకులున్నయా లేవా? ఆకులున్న చెట్టును ఎట్ల పారేస్తవ్?" అంది అత్త, కళ్లు చాటలోంచి ఎత్తకుండా.

బాపుకు నవ్వాగలేదు. "సరే పో. ఆకులున్నన్నొద్దులు నేను ముట్ట. ఒక్క ఆకు లేకుంట అయిననాడు మాత్రం నాతోని కొట్లాటకు రావద్దు, ఇద్దరికీ చెప్తున్న."

మేం గెలిచేశామనుకుని ఆ రాత్రి అత్త పక్కనే పడుకున్నాను. అసలు సంగతి తెల్లారి తెలిసింది. నేను ముఖం కడుక్కుని రాగానే అత్త నన్ను చెట్టు దగ్గరికి తీసుకుపోయి, రోజూ పొద్దున ఒక్క ఆకు విప్పాలనీ, దాని వెనక ఏముందో చూసి తనకు చెప్పాలనీ అంది. నాకు ఒళ్లు మండింది. కట్టింది ఆమే, విప్పమనేదీ ఆమేనా?

"ఒక్కొక్కటి ఇప్పుకుంట పోతే అయిపోతయ్ గదత్తా! బాపు పారేస్తడు!"

"ఇప్పకుంటే ఉంటయా? తునికాకు ఎండినంక దానంతటదే రాలుతది. ఎట్లయిన పోయేదే. ఇప్పినవనుకో, చూసినదానివన్న అయితవ్."

గొణుక్కుంటూ అన్నిటికంటే కిందున్న ఆకు విప్పాను. దాని వెనక ఏమీ లేదు, బూడిదరంగు పుల్ల తప్ప. ఏమీ లేదని అరిచాను. అత్త వచ్చి నా బొటనవేలు పట్టుకుని, గోటితో ఆ పుల్ల మీద కొద్దిగా గీకించింది. పైన బూడిదరంగు పొర లేచింది. కింద పచ్చగా ఉంది. లేత చిక్కుడుకాయంత పచ్చగా. చూస్తుండగానే అక్కడ సన్నటి పాలచుక్క వచ్చి నిలిచింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం తర్వాత చాలా పెద్ద పెద్ద సందర్భాల్లో కూడా కలగలేదు.

రెండో పొద్దున విప్పిన చోట గీకితే లోపల కూడా గోధుమరంగే. పాలు రాలేదు. నేను అత్త ముఖం వైపు చూశాను, ఏదో ఒక మంచి మాట చెబుతుందని. అత్త కత్తెర తెచ్చి ఆ పుల్లను కత్తిరించి అవతల పడేసింది. "ఇది పోయింది కోడలా. పోయినదాన్ని పోయిందనే అనాలె" అంది. అంత కచ్చితంగా చెప్పడం వల్లనే, మిగిలినవి బతికున్నాయని ఆమె చెప్పినప్పుడు నేను నమ్మాను.

ఆ తర్వాత పొద్దున్నే లేవడానికి నన్ను ఎవరూ పిలవాల్సిన పని లేకపోయింది. అన్నాళ్లు ఆ చెట్టుతో ఉండి నేను చూసింది ఆకుల్నే. కొమ్మను ఎప్పుడూ చూడలేదు. రాలిన ప్రతి ఆకూ తన చోట సన్నటి గుర్తు వదిలిపెట్టి పోయింది. చెట్టు మొదలు మీద లింగంపేట రాళ్లు నొక్కిన నొక్కులు ఇంకా అలాగే ఉన్నాయి. ఈలోపు తునికాకులు ఎండి, గాలి వీస్తే గలగలమనేవి. కొన్ని వాటంతటవే ఊడి పడేవి. ఆకు పడినప్పుడల్లా మిగిలినవి లెక్కపెట్టుకునేదాన్ని. ఇల్లు కడిగే రోజు దగ్గరికొస్తోంది.

ఒక పొద్దున పైకొమ్మ చివరన కట్టిన ఆకు విప్పాను. కొమ్మ కొసన మిరపకాయ మొనలాంటిది ఒకటి కనిపించింది. తెల్లగా, మీద ఎర్రటి జీరతో. నిన్నమొన్నటి దాకా అది లేదని ప్రమాణం చేయగలను. ముట్టుకోబోతుంటే అత్త నా చెయ్యి లాగేసింది. అదే కొత్త ఆకు చుట్టూ ఉండే తొడుగని, దాన్ని మనం తెరవకూడదని, అదే తెరుచుకోవాలని చెప్పింది. గబగబా పక్క కొమ్మ ఆకు విప్పాను. అక్కడా ఒక మొన ఉంది గానీ దాని మీద మా దారం బిగుసుకుని, పాపం మెడ పక్కకు వంగిపోయి ఉంది. ఇంకో చోట ఎండిన తునికాకు దాన్ని నొక్కేసి పట్టుకుంది. చెట్టును కాపాడాలని మేం కట్టిన ఆకులే దానికి అడ్డంగా ఉన్నాయి. నేను అత్త వైపు చూశాను. అత్త ఈసారి ఏ సలహా ఇవ్వలేదు. లోపలికి వెళ్లిపోయింది.

ఇల్లు కడిగే రోజు రానే వచ్చింది. అమ్మ వాకిలంతా నీళ్లు కొట్టి కడుగుతోంది. బాపు పనికి పోలేదు. బయట అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కొమ్మలకు ఇంకా చాలానే తునికాకులు ఉన్నాయి. వాటిని అలాగే ఉంచితే బాపు మాట ప్రకారం చెట్టుకు ఆ రోజు గండం లేదు. కానీ దారం కింద మెడలు వంచుకున్న ఆ మొనలు నా కళ్ల ముందే ఉన్నాయి. నేను కూర్చుని ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను. ముడులు రాకపోతే పంటితో కొరికాను. అత్త అరుగు మీది నుంచి చూస్తోంది. ఆమె చేతులు ఆగిపోవడం నేను అప్పుడే చూశాను. చివరికి చెట్టు మొత్తం మోడుగా, చుట్టూ ఎండాకులతో, గులాబీ దారాలతో నిలబడింది.

బాపు గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు.

"ఆకులు లేవు గద బిడ్డా. మరి పారెయ్యన్నా?"

"గోరుతోని గీకి చూడు బాపు. అంతట కాదు, నేను చూపెట్టిన కాడ" అన్నాను.

ఆయన గొంతుక్కూర్చున్నాడు. సిమెంటుకు అరిగి పగిలిపోయిన గోరు ఆయనది. నేను చూపించిన చోట మెల్లగా గీకాడు. పచ్చగా కనిపించింది, పాలచుక్క వచ్చింది. తర్వాత నేను అడగకుండానే కొమ్మ కొసల వైపు వంగి, ఒక్కొక్క మొననూ చూశాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. అవ్వ ఏమైందిరా అని పరుగెత్తుకొచ్చింది.

"ఏం గాలేదే అవ్వా. గీ మొండిదాన్ని గోడలల్ల కోసిన, కాల్చిన, ఉప్పు పోసిన. మల్ల మల్ల లేస్తది. ఆకులు రాలితే సస్తదా? నాకెరుకనే."

"ఎరుకుండి పారేస్తనని ఎందుకన్నవ్ రా, పిల్ల గంత ఏడుస్తుంటే?"

"మోకా దొరికింది గద, సప్పుడుచేయక వదిలిచ్చుకుందామనుకున్న" అన్నాడు బాపు నిజాయితీగా. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఆకులన్ని నువ్వే ఇప్పుతవని మాత్రం అనుకోలె" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన మిగిలిన ఇటుకలు తెచ్చి, గోడలకు దూరంగా వాకిలి మధ్యలో ఒక చిన్న గద్దె కట్టాడు. రసగుండు వేసి మట్టం చూశాడు. పక్కలకు నున్నగా గిలాబు కూడా చేశాడు. దాని మీద తట్టను తనే ఎత్తి పెట్టాడు. తోటి మేస్త్రీలు చాలాకాలం ఆయన్ని జువ్వికి గద్దె కట్టిన మేస్త్రీ అని ఏడిపించారు. శివరాత్రి వెళ్లగానే తొడుగులు విడిపోయి ఆకులు వచ్చాయి. ముందు రాగిరంగులో, ఎండ అవతలికి కనిపించేంత పల్చగా వచ్చి, చూస్తుండగానే పచ్చబడ్డాయి. వీధిలోవాళ్లు వచ్చి చూసిపోయారు. అత్త మాత్రం బీడీలు చుట్టుకుంటూ, మా కోడలు పండించిందని అందరికీ చెప్పింది. దారం బిగిసి మెడ వంగిపోయిన ఆ ఒక్క కొమ్మ ఎప్పటికీ వంకరగానే ఉండిపోయింది.

ఇప్పుడు నేను కామారెడ్డిలో ఉంటున్నాను. మా డాబా మీద కూడా వెడల్పాటి తొట్టిలో ఒక జువ్వి ఉంది. దీన్ని బోన్సాయ్ అంటారని మా మనవరాలు ఫోన్లో బొమ్మలు చూపించి నాకు పాఠం చెబుతుంది. ఆ మాటకు నోరు తిరగక నేను తట్టలో జువ్వి అనే అంటాను. ఏటా అది మోడైనప్పుడు పక్కింటివాళ్లు వచ్చి, మీ చెట్టు పోయినట్టుందండీ అని సానుభూతి చెబుతారు. నేను వాళ్లకు చాయ్ ఇచ్చి పంపిస్తాను.

చెట్టు సంగతి అలా ఉంచండి. కొన్నేళ్ల కింద మా పెద్దవాడు దుబాయ్‌లో పని పోయి ఇంటికి వచ్చాడు. మంచం మీద గోడకు తిరిగి పడుకునేవాడు. చుట్టాలందరూ వచ్చి తలా ఒక మంచి మాట చెప్పి వెళ్లారు. అంతా మన మంచికే అన్నారు, ఇంతకంటే పెద్ద పని దొరుకుతుందన్నారు. ఒక్కో మాటకూ వాడింకా ముడుచుకుపోవడం నేను చూశాను. వాళ్లందరూ వెళ్లిపోయాక పక్కన కూర్చుని, ఆ పని పోయింది నాయనా, అది ఇక రాదు అన్నాను. వాడు మొదటిసారి నా వైపు తిరిగాడు. తర్వాత రోజూ ఏదో ఒకటి అడిగేదాన్ని. అక్కడ చల్లటి మిషన్లు ఎట్లా విప్పేవాడివని ఒకసారి, మన ఫ్యాన్ ఎందుకు మూలుగుతోందని ఒకసారి. ఫ్యాన్ గురించి అడిగిన రోజు వాడు లేచి స్టూలు వేసుకుని ఎక్కాడు. నేను వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను. ఇప్పుడు వాడి ఏసీ రిపేరు షాపులో ఎండాకాలం వస్తే ఊపిరి తీసుకోవడానికి సందుండదు.

అన్నీ బతుకుతాయని నేననను. పోయినవి కూడా చాలా చూశాను, పోయాయనే చెప్పాను. కానీ ఎవరైనా వచ్చి, ఫలానాది అయిపోయింది, ఇక అందులో ఏమీ లేదు అని చెబుతుంటే, వాళ్ల మాట పూర్తికాకముందే నా బొటనవేలి గోరు దానంతటదే కదులుతుంది.